తూనీగ వచ్చిన ఆదివారం

మాస్టారు కంప్యూటరు పాస్‌వర్డ్ మార్చి మూడు రోజులైంది. ఆయన భార్య ఇంతవరకూ అడగలేదు.

అడిగితే ఏం చెప్పాలో గురువారం సాయంత్రమే ఆయన సిద్ధం చేసుకున్నాడు. వైరస్ వచ్చింది, బాగుచేస్తున్నాను అనడం ఒకటి. నా కంప్యూటరు నా ఇష్టం అనడం ఇంకొకటి. ఆ రెండోది గొంతు పెంచకుండా ఎలా అనాలో స్నానాలగదిలో రెండుసార్లు అనుకుని కూడా చూసుకున్నాడు. ఆమె మాత్రం శుక్రవారం ఎప్పటిలాగే చెవుల క్లినిక్కులో ఉద్యోగానికి వెళ్ళింది. ఎప్పటిలాగే తిరిగొచ్చింది. ముందుగదిలో ఉన్న కంప్యూటరు పక్కనుంచి, అదేదో పక్కింటివాళ్ళు దాచుకోమని ఇచ్చిన సామాను అన్నట్టు, తల తిప్పకుండా నడిచిపోయింది.

అడిగే మనిషితో పోట్లాడొచ్చు. అడగని మనిషితో ఏం చేస్తాం?

ఆదివారం పొద్దున్న ఆ మాట ఆయన తల్లే కదిపింది. పెద్దావిడ ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసింది. ఎవరి గొంతులో ఏముందో ఇప్పటికీ ఇట్టే పట్టేస్తుంది.

"ఆ డబ్బాకి తాళం వేశావుట్రా?" అంది, ఉతికిన బట్టలు మడతపెడుతూ.

"నీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పేదేముంది? పేకాట ఆడుకుందామని కూచున్నా. లోపలికి రానివ్వలేదు."

మాస్టారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పెద్దావిడ ఒక దిండుగలీబు మడత పూర్తిచేసి, దాని మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి అడిగింది.

"ఇంతకీ ఎవడా తూనీగ?"

ఇంట్లో నిప్పు రాజుకున్నది ఆ పేరు దగ్గరే.

మాస్టారు పాతికేళ్ళుగా పిల్లలకీ పెద్దలకీ కీబోర్డు నేర్పుతున్నాడు. ఆరేళ్ళ కిందట కంప్యూటర్లో పాటలు కట్టే సాఫ్ట్‌వేరు ఒకటి తెచ్చి, భార్యని పక్కన కూర్చోబెట్టుకుని ఆయనే నేర్పాడు. దానికి ఇంట్లో 'పట్టాలది' అని పేరు. తెర మీద పాటంతా రైలుపట్టాల్లా ఎడమ నుంచి కుడికి పరిచి ఉంటుంది. నొక్కితే మొదలు నుంచి చివరిదాకా వెళ్తుంది. డ్రమ్ము ఎక్కడ రావాలి, బేసు ఎన్నో బారులో, అంటే ఎన్నో తాళం చుట్టులో, అందుకోవాలి, అన్నీ ఆయన చెప్పినవే. ఆమె చేసిన ప్రతి పాటా ముందు ఆయనే వినేవాడు. ఆయన దిద్దిన తర్వాతే అది పూర్తయినట్టు.

మూడు వారాల కిందట ఒక నాట్యబృందం వాళ్ళ కొత్త ప్రదర్శనకి నలభై నిమిషాల సంగీతం చెయ్యమని ఆమెని అడిగింది. ఆయన్ని కాదు, ఆమెని. ఆ బృందంలో శబ్దం పని చూసే మనిషిని అందరూ తూనీగ అంటారట. స్టేజీ మీదికి పట్టాలది కుదరదేమో, ఇంకొకటుంది వాడి చూడమని చెప్పింది ఆ తూనీగే. ఆ రెండోదానికి ఇంట్లో 'గళ్ళది' అని పేరు పడింది. అందులో పాట ముక్కలుగా గళ్ళలో ఉంటుంది. ఏ గడి నొక్కితే ఆ ముక్క మోగుతుంది. వద్దనేదాకా మోగుతూనే ఉంటుంది. ఏది ముందు ఏది తర్వాత అన్నది అప్పటికప్పుడు తేల్చుకోవాల్సిందే. నెల్లాళ్ళు ఊరికే వాడి చూసుకోవచ్చు. అందులో ఇంకా తొమ్మిది రోజులే మిగిలాయి.

అప్పట్నుంచి ఆమె ఫోను టింగుమంటూనే ఉంది. తూనీగ ఇలా అన్నారు, తూనీగ అలా చెప్పారు, తూనీగకి నచ్చలేదు. 'అన్నారు', 'చెప్పారు' అన్న ఆ మర్యాదలో ఆడో మగో తేలలేదు. అడిగి తేల్చుకోడానికి మాస్టారికి మనసొప్పలేదు. తనే తేల్చుకున్నాడు. గడ్డం పెంచుకున్న ముప్పై ఏళ్ళ కుర్రాడొకణ్ణి ఊహించుకుని, రోజుకింత అందం వాడికి తనే చేర్చిపెట్టాడు.

గురువారం ఆమె ఫోను వంటింటి గట్టుమీద ఉంది. ఆమె డాబా మీద బట్టలు తీస్తోంది. తూనీగ పేరుతో తెర వెలిగింది. మాస్టారు చదవాలని వెళ్ళలేదు, నీళ్ళ కోసం వెళ్ళాడు. కానీ చదివాడు.

'గళ్ళదాంట్లో చేసిన ముక్కలో నీ చెయ్యి తెలుస్తోంది. పాత దాంట్లో ఇంకెవరి చెయ్యో ఉంది.'

ఆ ఇంకెవరో ఎవరో ఆయనకి తెలుసు. ఆ సాయంత్రమే పాస్‌వర్డ్ మార్చాడు.

ఇదంతా తల్లికి చెప్పలేదు. డాన్సువాళ్ళ దగ్గర పనిచేస్తాడట అని మాత్రం అన్నాడు.

"నువ్వు చూశావా?"

"లేదు."

"చూడకుండానే ఇంత మంటా?" అని పెద్దావిడ మళ్ళీ బట్టల్లో పడింది.

అప్పుడు వంటింట్లోంచి భార్య గొంతు వినబడింది. మూడు రోజుల తర్వాత ఆమె ఆయనతో అన్న మొదటి నిండు వాక్యం అది. "పదకొండింటికి తూనీగ వస్తున్నారు. ఏ సాఫ్ట్‌వేరో ఇవాళ తేల్చెయ్యాలి. బుధవారం నుంచి వాళ్ళకి రిహార్సల్స్."

మాస్టారు పేపరు పక్కన పెట్టి లేచాడు. వెళ్ళి గడ్డం గీసుకున్నాడు. కట్టుకున్న లుంగీ విప్పి ప్యాంటు వేసుకున్నాడు, నీలం చొక్కా తొడిగాడు, అది బిగుతైందని తీసి తెల్లది తొడుక్కున్నాడు. పదిన్నరకల్లా ముందుగదిలో, తలుపుకి ఎదురుగా, పంచాయితీకి కూర్చున్న పెద్దమనిషిలా కూర్చున్నాడు.

పదకొండు కొట్టిన ఐదు నిమిషాలకి గంట మోగింది. గుమ్మంలో సన్నగా, పొడుగ్గా, అరవైకి దగ్గర్లో ఉన్న ఒక ఆడమనిషి నిలబడి ఉంది. జుట్టు మగపిల్లాడి కటింగు. మొహంలో సగం ఆక్రమించిన గుండ్రటి కళ్ళజోడు. ఆ కళ్ళజోడు చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక భుజానికి ల్యాప్‌టాప్, ఇంకో భుజానికి చుట్టలు చుట్టిన వైర్ల సంచి.

"మాస్టారు మీరేనా? నన్ను తూనీగ అంటారండి," అంది ఆవిడ.

వెనకాల పెద్దావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. టీ పెట్టడానికే వెళ్ళి ఉండొచ్చు.

మాస్టారికి ఒళ్ళంతా తేలికైంది. వెంటనే సిగ్గేసింది. సిగ్గుపడ్డ మనిషి మర్యాద రెండింతలు ఉంటుంది. ఆవిడ సంచి తనే అందుకున్నాడు, ఫ్యాను కింద కుర్చీ జరిపాడు, దారిలో ఇల్లు దొరకడం కష్టమైందా అని అడిగాడు. భార్య వైపు చూసి నవ్వబోయాడు కూడా. ఆమె అప్పటికే వైర్లు విప్పుతోంది.

టీ తాగుతూ తూనీగ తన సంగతి చెప్పుకొచ్చింది. ముప్పైరెండేళ్ళుగా పెద్ద స్పీకర్ల పక్కన నిలబడి ఎడమ చెవి పాడుచేసుకుంది. సన్నటి పైశబ్దాలు ఆ చెవికి అందడం మానేశాయి. పరీక్ష చేయించుకుందామని క్లినిక్కుకి వెళ్తే, పరీక్ష చేసింది ఈ అమ్మాయి. అయిపోయాక మాటల్లో, నేనూ పాటలు కడతానండీ అని హెడ్‌ఫోన్లో ఒకటి వినిపించింది.

"ఆ సాయంత్రం ఇంటికెళ్ళాక కూడా అదే మోగింది చెవిలో. చెడిపోయిన చెవిలో కూడా," అంది తూనీగ. "నా లెక్కన ఇలాంటి చెవి వందమందిలో ఒకరికుంటుందేమో. మీకు తెలియంది కాదుగా, మీ ఇంట్లోనే ఉంది."

మాస్టారు తెలుసన్నట్టు తలాడించాడు. ఆయన గుండెలో ముల్లు మళ్ళీ కదిలింది. ఆడమనిషని తెలిసిన క్షణంలో ఊడిపోయిందనుకున్నాడు. ఊడలేదు. ఇన్నాళ్ళూ దానిమీద కప్పిన గుడ్డ మాత్రం ఊడిపోయింది. ఈ పాతికేళ్ళలో నీ చెవి ఇలాంటిది అని ఆయనతో ఒక్కరూ అనలేదు. ఓపికున్న మనిషన్నారు, బాగా నేర్పుతారన్నారు.

మగవాడైనా బాగుండేదనిపించింది ఆయనకి. మగవాడి మీద మొగుడికి కోపమొస్తే నలుగురూ అర్థం చేసుకుంటారు. దీన్ని ఎవరితో చెప్పుకోగలడు?

టీ అయ్యాక తూనీగ పనిలోకి దిగింది. ఆవిడ ఏ సాఫ్ట్‌వేరునీ ఎత్తి పొగడలేదు. శబ్దం దేంట్లోనైనా ఒక్కలాగే వస్తుంది, కుండ మారితే నీళ్ళు మారవు అంది. తేడా అంతా స్టేజీ మీద. ముఖ్య నర్తకి ఒక ఘట్టంలో స్టేజీ ఈ మూల నుంచి ఆ మూలకి నడుస్తుంది. ఒక్కోరోజు నలభై అడుగులు వేస్తుంది, ఒక్కోరోజు అరవై. పాట ఆవిడ కోసం ఆగాలా, ఆవిడ పాట కోసం ఆగాలా అన్నదే తేల్చుకోవాల్సింది.

"లెక్కపెట్టుకుని నడవమనండి. పిల్లలకి మేం మొదటి రోజు నేర్పేది అదే," అన్నాడు మాస్టారు.

"అలా చేసేవాళ్ళూ ఉన్నారండి. తప్పేం కాదు," అంది తూనీగ మెత్తగా.

అందుకని ఒకే ఘట్టాన్ని రెండింటిలోనూ చేయించింది ఆవిడ. రెండూ విని తేల్చుకుందామంది. గళ్ళదాంట్లో చేసింది తన ల్యాప్‌టాప్‌లోనే ఉందట. పది రోజుల కిందట ల్యాప్‌టాప్ క్లినిక్కులో ఇచ్చేసి వచ్చిందట. ఈ అమ్మాయి భోజనాల వేళ అక్కడే కూర్చుని చేసుకుని, శుక్రవారం తిరిగిచ్చేసిందట.

పది రోజుల కిందట. మాస్టారు లెక్క కట్టుకున్నాడు. తను తాళం వేసింది ఖాళీ గదికి.

"ఇంట్లో కంప్యూటరు బాగోలేదందిగా, అందుకని," అంది తూనీగ.

అప్పటికి కంప్యూటరు బాగానే ఉంది. తన దిద్దుబాట్ల సంగతి చెప్పకుండా భార్య తన పరువు కాపాడిందని ఆయనకి అర్థమైంది. అది తిట్టినదానికంటే ఎక్కువ గుచ్చుకుంది.

"పాతది ఈ కంప్యూటర్లో ఉంది," అంది ఆమె, ఆయన వైపు చూడకుండా. "ఆయన తెరుస్తారు."

మాస్టారు లేచి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. పాస్‌వర్డ్ కొట్టాడు, తప్పంది. మళ్ళీ కొట్టాడు, తప్పంది. పాతికేళ్ళు మీటలు నొక్కిన వేళ్ళు ఎనిమిది అక్షరాలు నొక్కలేకపోయాయి. మూడోసారికి తెరుచుకుంది.

"బాగైనట్టుందే," అంది పెద్దావిడ టీ కప్పులు తీసుకుంటూ.

అప్పుడు తూనీగ ఆయన్నే వినమంది. పాతికేళ్ళ అనుభవం ఉంది, పైగా పేరు చూడకుండా వింటే పక్షపాతం ఉండదు, కిటికీ వైపు తిరిగి కూర్చోండి, ఏది ముందు వేస్తున్నామో చెప్పం అంది. కాదనడానికి ఆయనకి కారణం దొరకలేదు.

మొదటిది మోగింది. రెండు బారులకే అది పట్టాలదని తెలిసిపోయింది. డ్రమ్ము నాలుగో బారులో వచ్చింది, బేసు ఎనిమిదిలో అందుకుంది. పన్నెండులో ఒక్క క్షణం ఊపిరి, మళ్ళీ అంతా కలిసి. ఎక్కడా వంక లేదు. తన క్లాసులో నల్లబోర్డు మీద తను రాసిందే ఎదురుగా మోగుతున్నట్టుంది. ఆయనకి హాయిగా అనిపించింది.

రెండోది ఎప్పుడు మొదలైందో ఆయనకి తెలియలేదు. ఇంకా వెయ్యలేదా అని అడగబోయి, చెవిలో ఏదో సన్నగా ఉందని గమనించాడు. తన చెవి మోతే అనుకున్నాడు. కాదు, అది పాట. ఒక్క సన్నటి స్వరం, దూదిలోంచి వచ్చినట్టు, పెరగాలా వద్దా అని ఆలోచించుకుంటున్నట్టు. దానికింద బరువైనది ఏదో కదిలింది, ఆగింది. ఆ ఆగడం ఎంతసేపంటే, ఇక్కడ డ్రమ్ము రావాలి అని ఆయన వేళ్ళు మోకాలి మీద కొట్టేశాయి. రాలేదు. ఎవరో నడుస్తున్నట్టే ఉంది, ఆ నడక అయ్యేదాకా పాట తలుపు దగ్గర నిలబడింది. చివరికి అది లోపలికి వచ్చినప్పుడు మాస్టారి మెడ వెనక వెంట్రుకలు లేచాయి.

ఇలాంటిది తను ఒక్కటి కూడా చెయ్యలేదు. చెయ్యాలని కూర్చున్నా చెయ్యలేడు. అంతసేపు ఏమీ వాయించకుండా ఉండే ధైర్యం తనకి లేదు. ఆమెకి అది తను నేర్పింది కాదు. తను నేర్పినదాని పక్కనుంచి, ఎప్పుడో, తనకి చెప్పకుండా, దాటి వెళ్ళిపోయింది.

పాట ఆగింది. కిటికీ అవతల వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు.

"చెప్పండి మాస్టారూ," అంది తూనీగ.

"మొదటిది," అన్నాడాయన, వెనక్కి తిరగకుండానే. "మొదటిదే బాగుంది. రెండోదాంట్లో పట్టు లేదు."

తూనీగ వంగి ఒక వైరు చుట్టడం మొదలుపెట్టింది. ఆ వైరు చుట్టాల్సిన అవసరం లేదు, అది ఇంకా వాడుతున్నదే.

భార్య వచ్చి కిటికీ పక్కన, ఆయన మొహం కనబడేలా నిలబడింది.

"మా క్లినిక్కులో చెవి పరీక్షప్పుడు శబ్దం వినబడకపోయినా, వినబడిందని బటన్ నొక్కేస్తుంటారు కొందరు," అంది. కోపం లేదు ఆ గొంతులో. "చెవుడని తేలితే చిన్నతనమని. వాళ్ళని చూస్తే జాలేస్తుంది. వినబడి కూడా నొక్కని మనిషిని ఇవాళే చూడ్డం."

మాస్టారు నోరు తెరిచాడు. సిద్ధం చేసుకున్న వాక్యాలు రెండూ ఇక్కడికి పనికిరావు.

"నీకెలా తెలుసు, నేను..."

"మీ మెడ చూశాను."

వంటింట్లో కుళాయి ఆగిపోయింది. పెద్దావిడ వింటోంది.

మాస్టారు తల వంచుకున్నాడు. తర్వాత, ఎవరితోనో ఫోన్లో చెబుతున్నట్టు, మెల్లిగా అన్నాడు. "బాగుంది. అందుకే చెప్పలేకపోయాను."

ఆమె దగ్గరికి రాలేదు. చెమ్మగిల్లాయో లేదో తెలియని కళ్ళతో ఒక్క నిమిషం చూసి, తూనీగ వైపు తిరిగింది. గళ్ళదేనండి, ఇంక మార్పు లేదు అంది.

తూనీగ సరేనని చిన్న పుస్తకంలో రాసుకుంది. ఇంకొకటి మిగిలింది. నడక ఘట్టంలో ఎనిమిది నిమిషాల పాటు కీబోర్డు స్టేజీ మీదే వాయించాలి, ఈ అమ్మాయేమో గళ్ళ దగ్గర ఉంటుంది, మరి వాయించేదెవరు అని అడిగింది.

"బ్యాంకు అమ్మాయిని అనుకుంటున్నాను," అందామె.

బ్యాంకు అమ్మాయి మాస్టారి శిష్యురాలు. నాలుగేళ్ళుగా శనివారం శనివారం వచ్చి నేర్చుకుంటోంది. చేతులు చురుకు, చెప్పింది చెప్పినట్టు వాయిస్తుంది. నిన్న సాయంత్రం కూడా వచ్చి, పాఠం పూర్తిచేసుకుని, నమస్కారం పెట్టి వెళ్ళింది. ఏమీ చెప్పలేదు.

మాస్టారు లేచి నిలబడ్డాడు.

"నా ఇంట్లో, నా దగ్గర నేర్చుకున్న పిల్లని... నన్నొక్క మాట అడిగావా?"

"అడిగితే ఏమనేవారు?"

ఆయన కిటికీ వైపు తిరిగాడు.

"కుదరదనేవారు. లేదా ఒప్పుకుని, నాలుగో రోజుకి డ్రమ్ము ఎక్కడ రావాలో నాకు చెప్పేవారు," అంది ఆమె. "నాకు అదంటే భయం. మీ కోపం అంటే భయం లేదు. మీరు చెబితే వినేస్తానని భయం. ఆరేళ్ళు విన్నాను కదా, అలవాటైపోయింది."

పద్నాలుగేళ్ళ కాపురంలో ఆమె ఒక్కసారిగా ఇన్ని మాటలు ఆయనతో అనడం అదే మొదటిసారి. తూనీగ కళ్ళజోడు తీసి, చీర కొంగు లేని మనిషి కాబట్టి చొక్కా అంచుతో తుడుచుకుంటూ కూర్చుంది. పెద్దావిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కొడుకుని వెనకేసుకు రాలేదు, కోడల్ని ఆపలేదు.

"ఇప్పుడు అడుగుతున్నాను," అంది ఆమె. "మీరు వాయిస్తారా? లేకపోతే ఆ అమ్మాయికి ఫోన్ చేస్తాను."

మాస్టారు గదిలో మూలనున్న కీబోర్డు వైపు చూశాడు. దాని ముందు బ్యాంకు అమ్మాయి కూర్చుని ఉన్నట్టు, చప్పట్లు కొట్టే జనం ముందు తన భార్య పక్కన ఆ పిల్ల తల వంచుతున్నట్టు కనబడింది. ఆ ఊహ భరించలేకపోయాడు. వెళ్ళి ఆ స్టూలు మీద తనే కూర్చున్నాడు. మంచితనంతో కూర్చోలేదని ఆయనకి తెలుసు. ఆమెకీ తెలుసనిపించింది.

"ఏం చెయ్యాలి నేను?"

"నేను చెయ్యెత్తినప్పుడు మొదలుపెట్టాలి. దించినప్పుడు ఆపాలి. మధ్యలో ఏం వాయిస్తారో మీ ఇష్టం."

"స్వరాలు రాసిస్తావా?"

"లేదు."

తూనీగ సాకెట్టులో వైరు గుచ్చింది. భార్య ల్యాప్‌టాప్ ముందు నిలబడి ఒక గడి నొక్కింది. ఆ సన్నటి స్వరం మళ్ళీ గదిలోకి వచ్చింది. మాస్టారు వేళ్ళు మీటల మీద ఆనించి ఎదురుచూశాడు. నాలుగు బారులు గడిచాయి. ఎనిమిది గడిచాయి. తనైతే ఇక్కడే అందుకునేవాడు. పన్నెండు దాటాయి. వేళ్ళ చివర్లు చెమటకి జారుతున్నాయి. తల తిప్పి చూశాడు.

ఆమె కళ్ళు మూసుకుని వింటోంది. చెయ్యి ఇంకా ఎత్తలేదు.